సలహా కాసేపు ఆగనివ్వండి

మీ తమ్ముడో, స్నేహితురాలో, ఆఫీసులో పక్క సీటు మనిషో మీ ఎదురుగా కూర్చుని ఒక కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు పూర్తికాకముందే మీ నోటి నుంచి ఏ మాట వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. "ఏం కాదులే" అన్నారా? "ఇవన్నీ అందరికీ ఉండేవే" అన్నారా? "నేనైతేనా..." అని అందుకున్నారా? వీటిలో ఏదీ చెడ్డ మాట కాదు. అన్నీ ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట పడ్డాక ఎదుటి మనిషి ఏం చేశాడో కూడా గుర్తు చేసుకోండి. తల ఊపాడు. "అంతేలే" అన్నాడు. కాఫీ తాగాడు, వెళ్లిపోయాడు. చెప్పుకుందామని వచ్చిన విషయం మాత్రం అతనితోనే వెనక్కి వెళ్లిపోయింది.

మనిషి మారడానికి సలహా కన్నా ముందు ఇంకొకటి కావాలని, అది దొరకనంత వరకు ఎంత గొప్ప సలహా అయినా చెవి దగ్గరే ఆగిపోతుందని ఒక మనిషి తన జీవితమంతా పెట్టి పరీక్షించి చూశాడు. ఆయన అమెరికన్ సైకోథెరపిస్ట్ కార్ల్ రాజర్స్. అబ్రహాం మాస్లో, రోలో మే లాంటి వాళ్లతో కలిసి మానవతావాద మనస్తత్వశాస్త్రాన్ని నిలబెట్టినవాడు. ఇవాళ హైదరాబాద్‌లోనో విశాఖలోనో మీరు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లారనుకోండి. ఆమె మిమ్మల్ని మధ్యలో ఆపకుండా విని, మీ మాటల్లోని భావాన్ని తన మాటల్లో మళ్లీ మీ ముందు పెట్టి, "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అని అడిగితే, ఆ పద్ధతి వెనక చాలావరకు ఉన్నది రాజర్సే.

వ్యక్తిత్వ వికాసం అనగానే మనకు మాట్లాడే నేర్పే గుర్తొస్తుంది. వేదిక మీద ఎలా నిలబడాలి, ఇంటర్వ్యూలో ఎలా జవాబివ్వాలి, ఎదుటివాణ్ని ఎలా ఒప్పించాలి. వినడం ఎలాగో చెప్పేవాళ్లు తక్కువ, నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇంకా తక్కువ. నన్నడిగితే మన ఇళ్లలో తెగిపోతున్న సంబంధాల్లో చాలావాటికి మాట రాకపోవడం కారణం కాదు, మాట వినేవాళ్లు లేకపోవడమే కారణం. అందుకే ఈ మనిషి ఏ దారిన వచ్చాడో, తన గదిలోకి వచ్చినవాళ్లతో ఏం చేసేవాడో తెలుసుకోవడం మనకు అవసరం.

కట్టుబాట్ల ఇల్లు

రాజర్స్ 1902 జనవరి 8న షికాగో శివారులోని ఓక్ పార్క్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి సివిల్ ఇంజినీరు, నిర్మాణ పనుల కాంట్రాక్టరు. ఇంట్లో ప్రొటెస్టెంట్ నిష్ఠ గట్టిగా ఉండేది. మద్యం, డాన్సు, పేకాట ఏవీ గడప తొక్కేవి కావు. కష్టపడి పనిచేయడమే అన్నిటికన్నా పెద్ద విలువ. పిల్లల మీద తల్లిదండ్రులకు ప్రేమ పుష్కలంగా ఉండేది. అయితే ఏది మంచో ఏది చెడో ముందే తేలిపోయిన ఇల్లది. పిల్లవాడు తన మనసులో ఉన్నది చెప్పుకునే చోటు అక్కడ దొరకలేదు. ఇలాంటి ఇల్లు మనకు కొత్తేమీ కాదు.

కార్ల్‌కు 12 ఏళ్లున్నప్పుడు కుటుంబం షికాగోకు దూరంగా ఒక పొలానికి మారింది. అక్కడ ఒంటరి పిల్లవాడు రెండింటిలో మునిగిపోయాడు. ఒకటి, రాత్రిపూట ఎగిరే పెద్ద రెక్కల పురుగులను సేకరించి పెంచడం. రెండు, తండ్రి కొని తెచ్చిన వ్యవసాయ శాస్త్ర గ్రంథాలు చదవడం. మేత మారిస్తే పాల దిగుబడి ఎలా మారుతుంది, ఒక మందకు ఒకటి ఇచ్చి ఇంకో మందకు ఇవ్వకుండా ఎలా పోల్చి చూడాలి, ఇవన్నీ ఆ పుస్తకాల్లోనే నేర్చుకున్నాడు. రాజర్స్ అంటే మెత్తని మనసు, మెత్తని మాట అని మాత్రమే అనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. తను నమ్మినదాన్ని కూడా పరీక్షకు పెట్టే అలవాటు ఆయనకు పొలంలోనే వచ్చింది.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రంతో చదువు మొదలుపెట్టి, మత ప్రచారకుడు కావాలని దారి మార్చుకున్నాడు. 1922లో ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల సమాఖ్య మహాసభ కోసం చైనా వెళ్లాడు. ఆరు నెలలకు పైగా సాగిన ప్రయాణం. నిజాయతీపరులైన మనుషులు ఒకే విషయాన్ని పూర్తిగా వేరువేరుగా నమ్మగలరని మొదటిసారి కళ్లారా చూశాడు. ఇంట్లో నేర్పిన మతభావాల నుంచి తను వేరుపడుతున్నానని ఇంటికి దాపరికం లేకుండా రాశాడు. ఉత్తరం చేరి జవాబు రావడానికి చాలా రోజులు పట్టే కాలం. ఆ ఎడం ఆయనకు మేలు చేసింది. ఎదురుగా నిలబడి వాదించే పని లేకుండానే తన ఆలోచన తనది చేసుకున్నాడు.

1924లో హెలెన్‌ను పెళ్లి చేసుకుని న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో చేరాడు. అక్కడ కొందరు విద్యార్థులతో కలిసి ఒక విచిత్రమైన అనుమతి సంపాదించాడు. పాఠం చెప్పే గురువు లేని తరగతి. చర్చకు వచ్చేవి విద్యార్థుల సొంత ప్రశ్నలే. నిబంధన కోసం ఒక యువ అధ్యాపకుడు గదిలో కూర్చుంటాడు గానీ, విద్యార్థులు కోరితే తప్ప నోరు విప్పడు. ఆ తరగతిలో తమ ప్రశ్నలను చివరిదాకా వెంబడించిన చాలామంది మతవృత్తి నుంచే బయటికి నడిచారు. రాజర్స్ రోడ్డు దాటి కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో మనస్తత్వశాస్త్రానికి వెళ్లాడు. 1931లో పీహెచ్‌డీ వచ్చింది.

రాచెస్టర్ పాఠాలు

అసలు చదువు మాత్రం అంతకు ముందే, 1928లో, న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ పట్నంలో మొదలైంది. పిల్లలపై క్రూరత్వాన్ని నివారించే సంస్థలో ఉద్యోగం. కోర్టులు, సంక్షేమ సంస్థలు పంపే పిల్లలను చూడాలి. పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడు. ఆ కాలంలో తన నమ్మకాలను కుదిపిన మూడు సంఘటనలను రాజర్స్ 1961లో అచ్చయిన 'ఆన్ బికమింగ్ ఎ పర్సన్' పుస్తకంలో చెప్పుకున్నాడు. నిపుణుల మీద, నైపుణ్యం మీద మనకున్న భ్రమలను వదిలించే సంఘటనలవి.

మొదటిది, నిప్పు పెట్టే అలవాటున్న ఒక తెలివైన కుర్రవాడి కథ. అప్పటి పెద్ద నిపుణుల సిద్ధాంతం ప్రకారం ఇలాంటి నేరాల వెనక లైంగిక సంఘర్షణ ఉంటుంది. రాజర్స్ రోజుల తరబడి మాట్లాడి, ఆ మూలాన్ని తవ్వి తీసి కుర్రవాడి ముందు పెట్టాడు. చిక్కుముడి విడిపోయిందనుకున్నాడు. పర్యవేక్షణ మీద బయటికి పంపిన కొంతకాలానికే ఆ కుర్రవాడు మళ్లీ అదే పనిలో దొరికాడు. గ్రంథాల్లో రాసినవాళ్లు కూడా పొరపడవచ్చునని, ఇంకా తెలియాల్సింది చాలా ఉందని రాజర్స్‌కు అప్పుడు తట్టింది.

రెండోది చిన్నదే గానీ నాకు ఎక్కువ విలువైనదనిపిస్తుంది. ఒక కార్యకర్త ఒక తల్లితోనో తండ్రితోనో జరిపిన సంభాషణ మాట పొల్లుపోకుండా అచ్చయి ఉంది. చురుకైన ప్రశ్నలు, సూటిగా విషయం రాబట్టిన తీరు. రాచెస్టర్‌కు వచ్చిన కొత్తలో దాన్ని మంచి ఇంటర్వ్యూకు నమూనాగా సిబ్బందికి చూపించాడు. కొన్నేళ్ల తర్వాత అలాంటి పనికే దాన్ని మళ్లీ తీసి చదివి నిర్ఘాంతపోయాడు. అది కోర్టులో వకీలు చేసే తెలివైన క్రాస్ ఎగ్జామినేషన్‌లా కనిపించింది. పేజీలో అక్షరం మారలేదు. చదివే మనిషి మారాడు. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి "నిజం" కక్కించడం ఎదుటి మనిషికి సాయం చేయడం కాదని ఆయనకు ఎవరూ బోధించలేదు. పని చేస్తూ చేస్తూ తానే అక్కడికి చేరాడు.

మూడోది అన్నిటికన్నా ప్రసిద్ధం. అల్లరితో అందరినీ బెంబేలెత్తిస్తున్న ఒక పిల్లవాడు. చిన్నప్పుడు తల్లి వాణ్ని లోలోపల తిరస్కరించడమే మూలమని రాజర్స్ అంచనా వేశాడు. ఆ సంగతి ఆ తల్లి తానుగా గ్రహించేలా చేయాలని వారాల తరబడి ప్రయత్నించాడు. ఆమె చెప్పిన సాక్ష్యాలనే ఏరి, కూర్చి, ఓపిగ్గా ముందు పెట్టాడు. ఏమీ కదల్లేదు. చివరికి, ఇద్దరమూ ప్రయత్నించాం, ఫలితం లేదు, ఇక ఆపేద్దామా అన్నాడు. ఆమె ఒప్పుకుంది. కరచాలనం చేసి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ ఇస్తారా అని అడిగింది. ఇస్తామన్నాడు. అయితే నాకు సాయం కావాలి అంటూ వచ్చి, అప్పుడే లేచిన కుర్చీలో మళ్లీ కూర్చుని, తన కాపురం గురించి, భర్తతో ఉన్న కష్టం గురించి, తన ఓటమి భావం గురించి ధారగా చెప్పుకుపోయింది. అంతకు ముందు వారాల్లో ఆమె ఇచ్చిన పొడిపొడి సమాధానాలకూ దీనికీ పోలికే లేదు. ఆ రోజు నుంచే అసలు చికిత్స మొదలైంది. ఆమెకూ మంచి జరిగింది, పిల్లవాడికీ మంచి జరిగింది.

ఎక్కడ నొప్పిగా ఉందో, ఏ దిక్కుకు నడవాలో, ఏ అనుభవం లోతున పూడిపోయి ఉందో తెలిసినది ఆ మనిషికే. రాజర్స్ అక్కణ్నుంచి తెచ్చుకున్న ఎరుక ఇది. థెరపిస్టు తన తెలివిని చూపించుకోవాలని తాపత్రయపడకపోతే ఆ మనిషి వెంట నడవడం సాధ్యమవుతుంది.

ఆ తల్లి కథలో మనం పట్టుకోవాల్సిన వివరం ఇంకొకటుంది. రాజర్స్ అంచనా తప్పని ఎక్కడా తేలలేదు. బహుశా సరైనదే కావచ్చు. సరైన మాటే అయినా ఆమెకు ఉపయోగపడలేదు. మనం ఇంట్లో పోట్లాడేటప్పుడు "నేను చెప్పింది నిజమా కాదా?" అని నిలదీస్తాం కదా, అది నిజమే అయినా ఎదుటి మనిషి ఎందుకు కదలడో ఇక్కడ అర్థమవుతుంది.

తన గొంతు తాను వినడం

1940లో రాజర్స్ ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆ ఏడాది డిసెంబరు 11న మినెసోటా విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ప్రసంగంలో సలహాలు, బోధనలు, ఒప్పించడాలను విమర్శించి కొత్త పద్ధతి గురించి చెప్పాడు. క్లయింట్ కేంద్రంగా సాగే థెరపీ ఆ రోజే పుట్టిందని తర్వాత తనే అనుకున్నాడు.

ఒహైయోలో ఆయన చేసిన ఇంకో పని నా దృష్టిలో ఆ ప్రసంగం కన్నా ధైర్యమైనది. థెరపీ గది తలుపులు తెరిచాడు. క్లయింట్ల అనుమతితో సంభాషణలను రికార్డు చేయించాడు. టేప్ రికార్డర్లు లేని రోజులు. కొద్ది నిమిషాలకోసారి డిస్కు మార్చాలి. 1942లో వచ్చిన 'కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ' పుస్తకంలో హెర్బర్ట్ బ్రయాన్ అనే మారుపేరుతో ఒక క్లయింట్‌తో జరిగిన ఎనిమిది సమావేశాలనూ మాట పొల్లుపోకుండా అచ్చువేశాడు. అప్పటిదాకా థెరపిస్టులు గదిలో ఏం జరిగిందో జ్ఞాపకం నుంచి రాసుకునేవారు. ఇప్పుడు ఎవరు ఎంత మాట్లాడారో లెక్కపెట్టవచ్చు. లెక్కపెట్టారు కూడా. దారి చూపించే ధోరణి ఉన్న కౌన్సెలర్లు, క్లయింటుకు చోటిచ్చే కౌన్సెలర్ల కన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువ మాటలు వాడుతున్నారని తేలింది.

దీన్ని మీరూ చేయవచ్చు. భార్యతోనో భర్తతోనో, పెద్దపిల్లలతోనో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడేటప్పుడు, వాళ్ల ఒప్పుకోలుతో ఫోన్‌లో రికార్డు పెట్టండి. మర్నాడు ఒంటరిగా కూర్చుని వినండి. ఎవరు చెప్పింది సరైనదో వెతకడానికి వినొద్దు. మీరు ఎన్నిసార్లు మధ్యలో అందుకున్నారో, ఎన్ని ప్రశ్నలు నిజంగా తెలుసుకోవడానికి అడిగారో, ఎన్ని ప్రశ్నలు దొరకబుచ్చుకోవడానికి అడిగారో చూడండి. కష్టంగానే ఉంటుంది. ఒక్కసారి విన్నా చాలు, తర్వాతి సంభాషణలో మీ నాలుక తనంతట తాను కాస్త నెమ్మదిస్తుంది.

గదిలో ఆయన ఏం చేసేవాడు

రాజర్స్ 1945 నుంచి 1957 దాకా షికాగో విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ కేంద్రాన్ని నడిపాడు. 1957లో రాసిన ఒక ప్రసిద్ధ పత్రంలో, మనిషి లోపల మార్పు రావడానికి ఏ పరిస్థితులు ఉండాలో తేల్చి చెప్పాడు. వాటిలో థెరపిస్టు వైపు నుంచి కావాల్సినవి మూడు. షరతుల్లేని ఆదరణ, సహానుభూతి, లోపలా బయటా ఒకటిగా ఉండడం. చదవడానికి నీతిపాఠంలా ఉంటాయి. చేయడానికి కూర్చుంటే ఒక్కొక్కటీ ఎంత బరువో తెలుస్తుంది.

ఆదరణ గురించి ఒక అపోహ ఉంది. ఎదుటివాడు ఏం చేసినా సరేననడమే ఆదరణ అనుకుంటారు. రాజర్స్ ఉద్దేశం అది కాదు. పని తప్పు కావచ్చు, మనిషి మాత్రం మన లెక్కలోంచి కొట్టివేయబడడు. మన పిల్లలు చాలామంది ఒక షరతు మీద పెరుగుతారు. ర్యాంకు వస్తే బంగారం, రాకపోతే మౌనం. ఆ మౌనమే పిల్లలకు విలువ అంటే ఏమిటో నేర్పుతుంది. నాన్నకు నచ్చే నేను మాత్రమే నేను, మిగతాది దాచేయాలి అని. పెద్దయ్యాక ఆ దాచినది ఏమిటో వాళ్లకే గుర్తుండదు. ముప్పై ఏళ్లు దాటాక "నాకు ఏం కావాలో నాకే తెలియడం లేదు" అనే మాట అక్కణ్నుంచే వస్తుంది. తన గదిలో ఆ షరతును ఎత్తివేయడమే రాజర్స్ పని.

ఆయన నమ్మకానికి ఆధారమైన ఒక దృశ్యం చిన్ననాటిది. శీతాకాలం కోసం ఇంటి నేలమాళిగలో నిల్వ చేసిన బంగాళాదుంపలు. మట్టి లేదు, నీళ్లు లేవు. ఎక్కడో పైన ఒక చిన్న కిటికీ. అయినా దుంపలు మొలకెత్తేవి. పాలిపోయిన తెల్లని మొలకలు, ఆకుపచ్చ కాండంతో పోలికే ఉండదు, ఆ వెలుతురు వైపు సాగుతూ ఉండేవి. అవి ఎప్పటికీ పూర్తి మొక్కలు కాలేవు. కానీ ప్రయత్నం ఆపవు. మానసిక ఆసుపత్రుల వెనక వార్డుల్లో వంకర తిరిగిన జీవితాలను చూసినప్పుడు తనకు ఆ మొలకలే గుర్తొచ్చేవని ఆయన చెప్పాడు. మనకు అర్థంలేనిదిగా కనిపించే ప్రవర్తన కూడా, ఉన్న పరిస్థితుల్లో ఆ మనిషికి తెలిసిన ఒకే ఒక్క ఎదుగుదల మార్గం కావచ్చు.

సహానుభూతి దగ్గరికి వస్తే, ఎదుటి మనిషి చివరి మాటను చిలకలా తిరిగి చెప్పడమే రాజర్స్ పద్ధతి అని చాలామంది అనుకున్నారు. ఆయనకు ఈ మాట బాగా నొప్పి కలిగించింది. తాను చెబుతున్నది ప్రతిధ్వని గురించి కాదని, నాకు అర్థమైంది ఇదేనా అని అడిగి సరిచూసుకోవడం గురించని వివరించాడు. తేడా ఎలా ఉంటుందో మన ఇంటి సంభాషణలోనే చూద్దాం. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసిందనుకోండి.

"నాన్నా, నేనిక్కడ ఉండలేను. ఇంటికొచ్చేస్తా."

"అదేంటమ్మా, ఫీజు కట్టి రెణ్నెల్లు కూడా కాలేదు. కొత్తలో అందరికీ అలాగే ఉంటుంది. మీ పెద్దనాన్న కూతురు ఉండట్లేదా? ఆదివారం వస్తాంలే."

"సరే నాన్నా."

సంభాషణ అయిపోయింది. తండ్రికి సమస్య తీరినట్టుంటుంది. ఇప్పుడు ఇదే ఫోన్ ఇంకోలా.

"నేనిక్కడ ఉండలేను నాన్నా."

"ఉండలేనంత కష్టంగా ఉందా తల్లీ?"

"రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు."

"నిద్ర కూడా పట్టట్లేదా."

"వీక్లీ టెస్టు తర్వాత నన్ను కింది సెక్షన్‌కి మార్చారు. నువ్వేమంటావోనని చెప్పలేదు."

"నేనేమంటానోనన్న భయంతో ఇన్ని రోజులూ లోపలే పెట్టుకున్నావు."

అవతల ఏడుపు. తండ్రి ఫోన్ పట్టుకుని ఉంటాడు, మాట్లాడడు. కాసేపటికి తనే అంటుంది, "ఫిజిక్స్ ఒక్కటే నాన్నా అర్థం కానిది. మొదట్నుంచీ అర్థం కావట్లేదు."

రెండో తండ్రి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు, ఒక్క ప్రశ్న కూడా దొరకబుచ్చుకోవడానికి వేయలేదు. అమ్మాయి "ఉండలేను" నుంచి "ఫిజిక్స్" దాకా తనే నడిచింది. ఒక్క జాగ్రత్త. ఆమె ఫిజిక్స్ దగ్గర ఆగకుండా, నిజంగానే ఆ హాస్టల్‌లో ఉండకూడని పరిస్థితి ఉందని కూడా చెప్పవచ్చు. తండ్రి దానికీ సిద్ధంగా ఉండాలి. చివరికి మనకు కావాల్సిన జవాబు రాబట్టడానికి వినడం వినడం కాదు, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

మూడోది, లోపలా బయటా ఒకటిగా ఉండడం. థెరపిస్టు విసుగ్గా ఉండి నవ్వు పులుముకుంటే క్లయింటుకు తెలిసిపోతుంది. లోపల మండుతూ పైకి "నాకేం కోపం లేదు" అనే అమ్మ, "నీ ఇష్టం" అని మొహం తిప్పుకునే భర్త మనకు తెలుసు. నా భావాన్ని నాదిగా చెప్పుకోవడం ఇక్కడ దారి. "నువ్వు బాధ్యత లేనివాడివి" అనేది తీర్పు. "నువ్వు ఫోన్ ఎత్తకపోతే నాకు భయమేసింది" అనేది నా లోపలి సంగతి. మొదటిదానికి ఎదురుదాడి వస్తుంది. రెండోదానికి చాలాసార్లు ఒక మనిషి దగ్గరికి వస్తాడు.

తీర్పు చెప్పే ముందు ఒక నియమం

1951లో ఇచ్చిన ఒక ప్రసంగంలో రాజర్స్ ఎవరైనా వెంటనే వాడుకోగల ఒక నియమం చెప్పాడు. సాయంత్రం భార్యాభర్తలో, స్నేహితులో వాదనలో పడ్డారనుకోండి. ఒక్క క్షణం ఆపి ఈ షరతు పెట్టుకోవాలి. అవతలి మనిషి చెప్పినదాన్ని, అందులోని భావంతో సహా, ఆ మనిషి "అవును, నేనన్నది అదే" అనేంత సరిగ్గా తిరిగి చెప్పిన తర్వాతే ఎవరైనా తన మాట చెప్పాలి.

ఆస్తి పంపకాల దగ్గర అన్నదమ్ములు, వంటింటి పెత్తనం దగ్గర అత్తాకోడళ్లు, అమెరికా నుంచి వీడియో కాల్‌లో "ఇక్కడికి వచ్చేయండి" అనే కొడుకూ ఊరు వదలనంటున్న తండ్రీ, ఎవరైనా ప్రయత్నించవచ్చు. మొదటి పది నిమిషాలు నరకంలా ఉంటాయి. ఎందుకంటే ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మనం జవాబు తయారు చేసుకుంటూ ఉంటామని అప్పుడు బయటపడుతుంది. తిరిగి చెప్పబోతే నోట్లో మాట ఉండదు. రెండుమూడుసార్లు "అది కాదు నేనన్నది" అనిపించుకున్నాక గొంతులు దిగుతాయి. తేడాలు పోవు. కానీ మిగిలే తేడాలు అసలైనవి, వాటి గురించి మాట్లాడుకోవచ్చు.

ఇంత తేలికైన పనిని ఎందుకు చేయలేమో కూడా రాజర్స్ చెప్పాడు. దీనికి ధైర్యం కావాలి. ఎదుటివాడి లోకంలోకి నిజంగా అడుగుపెడితే మన అభిప్రాయం మారిపోయే ప్రమాదం ఉంది. ఊరు వదలనన్న తండ్రి బాధ పూర్తిగా అర్థమైతే, కొడుకు తన పట్టు సడలించాల్సి రావచ్చు. మనకు తెలియకుండానే ఆ ప్రమాదం నుంచి తప్పించుకోవడానికే గొంతు పెంచుతాం.

వినేవాడికీ హద్దులుంటాయి

ఈ పద్ధతిని సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్లను నమ్మకండి. రాజర్స్ జీవితమే దానికి సాక్ష్యం. షికాగోలో ఉండగా, 1940ల చివర, తీవ్ర మానసిక వ్యథలో ఉన్న ఒక క్లయింట్‌కు సాయపడబోయి తన హద్దులు కోల్పోయాడు. ఆమెకు ఇస్తున్నది తన శక్తికి మించిపోతోందని తెలిసినా, ఆదరణ ఆపకూడదన్న పట్టుదలతో సాగదీశాడు. చివరికి తానే కుంగిపోయి, ఆ క్లయింట్‌ను మరొకరికి అప్పగించి, హెలెన్‌తో కలిసి నెలల పాటు ఊరు విడిచి వెళ్లాడు. తిరిగొచ్చాక తన దగ్గరే పనిచేసే ఒక సహచరుడి దగ్గర క్లయింట్‌గా కూర్చున్నాడు. దేశంలో పేరుమోసిన మనిషి, అప్పటికే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా చేసినవాడు, తన కింద పనిచేసే యువకుడి ముందు తన బాధ చెప్పుకున్నాడు. ఇతరులను ప్రేమించడం తనకు తెలుసు గానీ, తాను ప్రేమకు తగినవాడినని నమ్మడం తనకు రాలేదని ఆ కాలంలోనే గ్రహించాడు. ఇంట్లో అందరి కష్టాలూ మోస్తూ తన గోడు ఎవరికీ చెప్పని అక్కలు, అన్నయ్యలు ఈ అధ్యాయం దగ్గర ఆగి చదవాలి. వినేవాళ్లకూ వినేవాళ్లు కావాలి.

తర్వాత విస్కాన్సిన్‌లో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లతో పెద్ద అధ్యయనం జరిపాడు. నిమిషాల తరబడి ఒక్క మాటా రాని సమావేశాలు. ఆ మౌనంలో కూడా పక్కనే ఉండేవాడు. మొత్తం మీద చూస్తే థెరపీ పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. సహానుభూతి ఎక్కువగా అందినచోట మాత్రం ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఈ ఫలితాలను కూడా ఆయన బృందం అచ్చువేసింది. తీవ్రమైన మానసిక అనారోగ్యానికి సైకియాట్రిస్టు, మందులు తప్పనిసరి. మనం ఎంత బాగా విన్నా అది వాటి స్థానంలో నిలబడదు.

జీవితపు చివరి భాగంలో రాజర్స్ ఇదే వినడాన్ని గది దాటించాడు. కాలిఫోర్నియాలోని లా హోయాలో స్థిరపడి, ఉత్తర ఐర్లాండ్ కేథలిక్కులను, ప్రొటెస్టెంట్లను ఒకే గదిలో కూర్చోబెట్టాడు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కూర్చోబెట్టాడు. 1987 ఫిబ్రవరి 4న చనిపోయేనాటికి ఆయనకు 85 ఏళ్లు.

మీకే సాయం కావాల్సి వచ్చినప్పుడు

మీ ఇంట్లో ఎవరైనా చనిపోవాలని ఉందన్న మాట అన్నా, రోజుల తరబడి తిండీ నిద్రా మానేసినా, వినడంతో ఆగిపోకండి. వెంటనే వైద్య సాయం అందేలా చూడండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

కౌన్సెలర్‌ను వెతుక్కునేటప్పుడు అర్హతలు అడగడానికి మొహమాటపడొద్దు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి. ఫీజు ఎంత, ఎన్నిసార్లు రావాల్సి ఉంటుంది, చెప్పిన విషయాలు ఎవరికైనా తెలుస్తాయా, మొదటి రోజే అడిగేయండి. మీ కులం, మీ పెళ్లి, మీ జీతం చూసి మొహం మార్చేవాళ్లు, మొదటి పావుగంటలోనే మీ సమస్యకు పేరు పెట్టేసేవాళ్లు, తమ జీవితకథ ఎక్కువ చెప్పేవాళ్లు అయితే ఆలోచించుకోండి.

రెండుమూడుసార్లు కలిశాక మిమ్మల్ని మీరు ఒకటి అడగండి. ఈ మనిషి ముందు ఎవరికీ చెప్పని మాట ఒకటైనా నా నోట వచ్చిందా? రాలేదనిపిస్తే, ఆ సంగతే ఆ కౌన్సెలర్‌కు చెప్పండి. "మీరు నన్ను అర్థం చేసుకుంటున్నట్టు నాకు అనిపించడం లేదు" అనడం మర్యాద తప్పడం కాదు. పని తెలిసిన కౌన్సెలర్ నొచ్చుకోరు, ఎక్కడ తప్పిందో మీతో కలిసి వెతుకుతారు. నొచ్చుకుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.